గెట్ ఎలా వాడాలి: నిఘంటువు మూసి, పక్కనున్న మాట చూడండి

ఇంగ్లీషు నిఘంటువు తీసి గెట్ దగ్గర ఆగితే తల తిరుగుతుంది. పొందు, తెచ్చు, కొను, అవు, చేరు, అర్థం చేసుకొను, ఒప్పించు, ఎక్కు, దిగు... వరస అలా సాగుతూనే ఉంటుంది. చాలా స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుల్లో ఈ వరసనే బోర్డు మీద రాసి బట్టీ పట్టమంటారు. బట్టీ పడితే పరీక్షలో మార్కులు రావచ్చు కానీ, ఎదురుగా మనిషి నిలబడి మాట్లాడుతుంటే ఆ వరస నోటికి అందదు. అందుకే డిగ్రీలు చేసినవాళ్లు కూడా గెట్‌ను తప్పించుకుని తిరుగుతుంటారు. "ఫీవర్ కేమ్ టు మి" అంటే నవ్వుతారేమోనని భయం. చివరికి "ఫీవర్" అని ఒక్క ముక్క అనేసి ఊరుకుంటారు.

గెట్‌కు సొంతంగా ఉన్న అర్థం చాలా పలచన. దాని తర్వాత వచ్చే మాటే దానికి అర్థం ఇస్తుంది. తర్వాత వస్తువు పేరుంటే ఒక అర్థం, గుణం చెప్పే మాట ఉంటే ఇంకొకటి, చోటు ఉంటే వేరొకటి. కాబట్టి అర్థాలు లెక్కపెట్టే పని మానేసి, గెట్ పక్కన ఏముందో చూడండి. మనకు కలిసొచ్చేది ఇంకొకటి ఉంది. గెట్ చేసే పనుల్లో చాలావాటికి మనం ఇంట్లో రోజూ అనే తెలుగు వాక్యాలు అచ్చంగా సరిపోతాయి. కింద చెప్పినవన్నీ ఆ దారిలోనే ఉంటాయి.

ముందు రూపాలు ఒకసారి

గెట్, గాట్, గాట్. మూడో రూపం, అంటే క్లాసుల్లో వీ-త్రీ అనేది, బ్రిటన్‌లో గాట్, అమెరికాలో గాటెన్. అక్కడివాళ్లు "ఐ హావ్ గాటెన్ యూజ్డ్ టు ఇట్" అంటే అది యాస కాదు, తప్పూ కాదు. గాటెన్ అమెరికావాళ్లు కొత్తగా పుట్టించింది కూడా కాదు. అప్పటికే ఇంగ్లీషులో ఉన్నదే, 17వ శతాబ్దంలో వలస వెళ్లినవాళ్లతో పాటు సముద్రం దాటింది. తర్వాత బ్రిటన్‌లో వాడుక తగ్గిపోయింది, అమెరికాలో నిలిచింది. మీ పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో చదువుకుంటూ ఇంట్లో గాటెన్ అంటుంటే దిద్దకండి.

గెట్ పుట్టుక కూడా ఇంగ్లండ్‌ది కాదు. 9వ శతాబ్దం నుంచి ఇంగ్లండ్ ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడ్డ స్కాండినేవియా జనం మాట్లాడిన నార్స్ భాషలోని గెటా నుంచి వచ్చింది. ఇంగ్లీషులో దానికి బంధువు ముందే ఉంది కానీ విడిగా కాకుండా ఫర్‌గెట్ లాంటి మాటల్లో అతుక్కుని ఉండేది. ఫర్‌గెట్‌కు ఫర్‌గాట్, ఫర్‌గాటెన్ అని ఎందుకు వస్తాయో ఇప్పుడు తెలిసింది కదా.

మొదటి అడుగు: "నాకు వచ్చింది" వాక్యాలు పట్టుకోండి

తెలుగులో మనం "నాకు" అని మొదలుపెట్టి "వచ్చింది" అని ముగించే వాక్యాలు రోజుకు ఎన్ని అంటామో గమనించండి. నాకు ఉద్యోగం వచ్చింది. నాకు మెసేజ్ వచ్చింది. నాకు జ్వరం వచ్చింది. నాకు ఒక ఐడియా వచ్చింది. మాకు నోటీసు వచ్చింది. ఇంగ్లీషులో ఇక్కడ కర్త తిరగబడుతుంది. ఉద్యోగం నా దగ్గరకు రావడం ఉండదు, నేనే దాన్ని అందుకుంటాను. "ఐ గాట్ ఎ జాబ్", "ఐ గాట్ ఎ మెసేజ్", "ఐ గాట్ ఎ ఫీవర్", "ఐ గాట్ ఎన్ ఐడియా", "వి గాట్ ఎ నోటీస్". లెక్కల్లో 82 వస్తే "ఐ గాట్ 82 ఇన్ మ్యాథ్స్". మార్క్స్ అనే మాట చేర్చకపోయినా పరవాలేదు.

ఇక్కడ ఒక పరీక్ష పెట్టుకోండి. వాక్యంలో "నాకు, మాకు, వాడికి" లాంటిది లేకపోతే గెట్ జోలికి వెళ్లొద్దు. "కరెంటు వచ్చింది" అన్నప్పుడు "ద పవర్ ఈజ్ బ్యాక్" అనాలి. "వర్షం వచ్చింది" అంటే "ఇట్ రెయిన్డ్". "చుట్టాలొచ్చారు" అంటే వాళ్లు కేమ్ మాత్రమే.

"నాకు" ఉన్నా గెట్ పనిచేయని చోట్లు కొన్ని ఉన్నాయి. "నాకు ఈత వచ్చు" అంటే తెలుసని, అందుకే "ఐ నో హౌ టు స్విమ్" లేదా "ఐ కెన్ స్విమ్". "నాకు ఏడుపొచ్చింది" అంటే "ఐ ఫెల్ట్ లైక్ క్రయింగ్". కోపం వస్తే "ఐ గాట్ యాంగ్రీ". ఇక్కడ యాంగర్ అనే నామవాచకం కాకుండా యాంగ్రీ అనే గుణం వచ్చిందని చూడండి. ఆ సంగతి రెండో అడుగులో చెప్తాను.

"దొరికింది" కూడా ఈ గుంపులోదే, కానీ జాగ్రత్త. ఆటో దొరకలేదు, టికెట్ దొరికింది, సెలవు దొరకలేదు అనే మాటలకు గెట్ సరిపోతుంది: "ఐ కుడ్ నాట్ గెట్ ఎన్ ఆటో". పోయిన తాళంచెవి సోఫా కింద దొరికితే మాత్రం "ఐ ఫౌండ్ మై కీస్". వెతికితే కనిపించినది ఫైండ్, ప్రయత్నిస్తే చేతికొచ్చినది గెట్. తెలుగులో రెంటికీ ఒకటే మాట కాబట్టి మనవాళ్లు తడబడేది ఇక్కడే.

కొనడం, తేవడం కూడా ఇందులోనే కలిసిపోతాయి. "వచ్చేటప్పుడు పాలు తీసుకురా" అంటే "గెట్ సమ్ మిల్క్ ఆన్ ద వే". "నాకు కాసిని నీళ్లు తెచ్చిపెడతావా" అంటే "కెన్ యు గెట్ మి సమ్ వాటర్". ఈ "నాకు" చూసి "గెట్ వాటర్ టు మి" అనకండి. మి నేరుగా గెట్ పక్కనే కూర్చుంటుంది, లేదంటే చివర్లో "ఫర్ మి" అవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు గెట్ రిక్వెస్ట్ తెలుసు కదా, అదీ సర్వర్‌ను ఫలానా పేజీ తెచ్చిపెట్టమని అడగడమే.

హావ్ గాట్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. "ఐ హావ్ గాట్ టూ సిస్టర్స్" అంటే ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారని. గాట్ ఉన్నంత మాత్రాన అది గడిచిపోయిన సంగతి కాదు. "ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్" అనే అలవాటు ఉంటే దీనితో వదిలించుకోవచ్చు. నిన్నటి సంగతికి హావ్ గాట్ పనికిరాదు, "ఐ హాడ్ ఎ మీటింగ్" అనాలి.

రెండో అడుగు: గుణం వస్తే "అవ్వడం"

గెట్ తర్వాత టైర్డ్, లేట్, డార్క్, హంగ్రీ, నెర్వస్, బెటర్ లాంటి మాట వస్తే అది మార్పు. ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి వెళ్లడం. ఆలస్యం అవుతోంది అంటే "ఇట్స్ గెట్టింగ్ లేట్". చీకటి పడుతోంది అంటే "ఇట్స్ గెట్టింగ్ డార్క్". ఆకలేస్తోంది అంటే "ఐ యామ్ గెట్టింగ్ హంగ్రీ". ఇంటర్వ్యూ ముందు టెన్షన్ మొదలైతే మనం "ఐ గాట్ టెన్షన్" అంటాం. బయటివాళ్లకు అర్థమయ్యేది "ఐ గాట్ నెర్వస్".

ఉండటానికీ అవ్వడానికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. "ఐ వాజ్ టైర్డ్" అంటే అలసిపోయి ఉన్నాను. "ఐ గాట్ టైర్డ్" అంటే నడుస్తూ నడుస్తూ అలసిపోయాను. తెలుగులో "ఉన్నాను" అని ముగించగలిగితే అక్కడ గెట్ అక్కర్లేదు.

రెండు చోట్ల కాలు జారుతుంది. మొదటిది, వృత్తి. "వాడు డాక్టర్ అయ్యాడు" అన్నప్పుడు "హి గాట్ డాక్టర్" కుదరదు, "హి బికేమ్ ఎ డాక్టర్" అనాలి. గెట్ తర్వాత గుణం వస్తేనే అవ్వడం. నామవాచకం వస్తే అందుకోవడం. కాబట్టి "హి గాట్ ఎ డాక్టర్" అంటే డాక్టర్‌ను పిలుచుకొచ్చాడని అర్థం. రెండోది, చెడిపోవడం. పాలు పాడైపోతే "ద మిల్క్ వెంట్ బ్యాడ్". చూపు పోతే "వెంట్ బ్లైండ్", బట్టతల వస్తే "వెంట్ బాల్డ్", పిచ్చెక్కితే "వెంట్ మ్యాడ్". మనకు పాడై"పోయింది" ఉన్నట్టే వాళ్లకు "వెంట్" ఉంది. దీన్ని గట్టి సూత్రంగా మాత్రం పెట్టుకోకండి, అలసి"పోయాను" దగ్గర అది తప్పుతుంది.

పెళ్లి సంగతి విడిగా చెప్పాలి. "షి గాట్ మ్యారీడ్ టు ఎ టీచర్" అనేది సరైన మాట. చాలామంది టు బదులు విత్ వేస్తారు. మనం "ఫలానావాడితో పెళ్లైంది" అంటాం కాబట్టి ఆ "తో" లాగేస్తుంది. జరిగిన రోజు చెప్పేటప్పుడు గాట్ మ్యారీడ్, ఇప్పుడు పెళ్లైన మనిషినని చెప్పేటప్పుడు ఐ యామ్ మ్యారీడ్. వీటన్నిటికన్నా పెద్ద ప్రమాదం "నా పెళ్లైపోయింది" అన్నదాన్ని మాటకు మాట దించి "మై మ్యారేజ్ ఈజ్ ఓవర్" అనడం. అది విన్న అమెరికా సహోద్యోగి మీకు విడాకులయ్యాయని అనుకుని ఓదార్చడం మొదలుపెడతాడు.

"అలవాటు పడ్డాను" కూడా ఈ గుంపుదే: "ఐ గాట్ యూజ్డ్ టు వేకింగ్ అప్ ఎర్లీ". యూజ్డ్ టు తర్వాత ఇంగ్ రూపం రావాలి. గెట్ లేకుండా "ఐ యూజ్డ్ టు వేక్ అప్ ఎర్లీ" అంటే ఒకప్పుడు తొందరగా లేచేవాణ్ని, ఇప్పుడు లేవడం లేదని అర్థం మారిపోతుంది.

మూడో అడుగు: చోటు వస్తే "చేరడం"

ఇది చిన్నది. "ఐ గాట్ టు ద ఆఫీస్ ఎట్ టెన్" అంటే పదింటికి ఆఫీసుకు చేరాను. హోమ్, హియర్, దేర్ ముందు మాత్రం టు ఉండదు. "ఇంటికి" అనే అలవాటుతో "గాట్ టు హోమ్" అంటుంటాం, "గాట్ హోమ్" చాలు. రీచ్ వాడితే ఎక్కడా టు అక్కర్లేదు: "రీచ్డ్ ద ఆఫీస్". ఇంతే.

నాలుగో అడుగు: "చేయించడం", అసలు బలం ఇక్కడే ఉంది

ఈ అడుగు ఒక్కటి వంటబడితే మీ ఇంగ్లీషు తీరే మారిపోతుంది. తెలుగులో చేయడం, చేయించడం అని రెండూ మనకు పుట్టుకతో వచ్చినవి. కుట్టాను వేరు, కుట్టించాను వేరు. కట్టాం వేరు, కట్టించాం వేరు. ఇంత చక్కటి తేడాను నోట్లో పెట్టుకుని, ఇంగ్లీషులోకి రాగానే అన్నీ చేసేస్తాం. "ఐ కట్ మై హెయిర్" అంటాం. విన్నవాడు మనమే అద్దం ముందు నిలబడి కత్తెర పట్టుకున్నామనుకుంటాడు. "ఐ రిపేర్డ్ మై ఫోన్" అంటే స్క్రూలు విప్పింది మనమే. "ఐ రిమూవ్డ్ మై టూత్" అంటే ఇక చెప్పేదేముంది.

అచ్చు ఇలా ఉంటుంది: గెట్, తర్వాత వస్తువు, తర్వాత వీ-త్రీ. "ఐ గాట్ మై హెయిర్ కట్". "ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్". "ఐ గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్". "వి గాట్ ద హౌస్ పెయింటెడ్". "ఐ గాట్ మై కార్ సర్వీస్డ్". ఆధార్‌లో అడ్రస్ మార్పించుకుంటే "ఐ గాట్ మై అడ్రస్ చేంజ్డ్ ఇన్ ఆధార్". తిరుమల కల్యాణకట్టలో గుండు చేయించుకుంటే "ఐ గాట్ మై హెడ్ షేవ్డ్ ఎట్ తిరుమల". పాస్‌పోర్టుకు ఫొటో తీయించుకుంటే "ఐ గాట్ మై ఫొటో టేకెన్".

తెలుగు క్రియలో "ఇంచు" వినపడగానే గెట్ గుర్తుకు రావాలి. వేయించాను, తీయించాను, పెట్టించాను, మార్పించాను, రాయించాను. ఇలాంటి ఇంచు ఉన్నవన్నీ గెట్‌వే. అయితే వివరించు, ప్రేమించు, సాధించు లాంటి మాటల్లో ఇంచు ఉన్నా అది వేరే రకం. "ఫలానావాడి చేత" అని ముందు పెట్టగలిగితేనే లెక్క. కత్తిరించుకున్నాను అనే మాట మాత్రం తమాషాగా రెండు వైపులా పనిచేస్తుంది. సెలూన్‌కు వెళ్లొచ్చి మనం అనేదీ అదే, ఇంట్లో సొంతంగా కత్తిరించుకున్నప్పుడు అనేదీ అదే. ఇంగ్లీషులో మాత్రం ఎవరి చేతిలో కత్తెర ఉందో చెప్పి తీరాలి.

మాటల వరస గురించి ఒక్క హెచ్చరిక. "ఐ గాట్ రిపేర్డ్ మై ఫోన్" అని క్రియల్ని పక్కపక్కన పెట్టకూడదు. వస్తువు మధ్యలోకి రావాలి. నిజానికి ఇది మనకు తేలిక కావాలి. "ఫోన్ బాగుచేయించాను" అన్నప్పుడు ఫోన్ ముందు, పని తర్వాత. ఇంగ్లీషులోనూ ఫోన్ ముందు, రిపేర్డ్ తర్వాత. గాట్ ఒక్కటే ముందుకు జరిగింది.

పని చేసిన మనిషి పేరు కూడా చెప్పాలంటే అచ్చు మారుతుంది: గెట్, మనిషి, టు, క్రియ. "ఐ గాట్ ద ప్లంబర్ టు ఫిక్స్ ద ట్యాప్". ఇందులో కొంచెం బతిమాలడమో, నచ్చజెప్పడమో, నాలుగుసార్లు ఫోన్ చేయడమో ఉంటుంది. మొత్తానికి రప్పించి చేయించానన్న ధ్వని. "మా నాన్నగారిని ఎలాగో ఒప్పించి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాను" అన్నది "ఐ ఫైనల్లీ గాట్ మై ఫాదర్ టు సీ ఎ డాక్టర్" అనే చిన్న వాక్యంలో ఇమిడిపోతుంది. హావ్‌తో కూడా ఇదే చెప్పవచ్చు. "ఐ హాడ్ ద ప్లంబర్ ఫిక్స్ ద ట్యాప్" అంటే చాలు, టు ఉండదు, బతిమాలడమూ ఉండదు. పని పురమాయించారు, అయింది.

ఇదే అచ్చు సొంత పని పూర్తిచేయడానికి కూడా వాడతారు. "ఐ గాట్ మై హోమ్‌వర్క్ డన్" అంటే ఇంకొకరి చేత రాయించానని కాదు, ముగించానని. సందర్భం చెబుతుంది. డన్, ఫినిష్డ్ లాంటివి వస్తే ఎక్కువగా ఈ అర్థమే.

వస్తువు పోవడం, దెబ్బ తగలడం లాంటివి మన ప్రమేయం లేకుండా జరిగితే వస్తువునే కర్తను చేయండి. ఫోన్ ఎవరో కొట్టేశారు అంటే "మై ఫోన్ గాట్ స్టోలెన్". "ఐ గాట్ మై ఫోన్ స్టోలెన్" అన్నా అర్థమవుతుంది కానీ, అందులో మీ చేతులారా పోగొట్టుకున్నారన్న వాసన తగలొచ్చు. ప్రమోషన్ వస్తే "షి గాట్ ప్రమోటెడ్", ఉద్యోగం ఊడితే "హి గాట్ ఫైర్డ్". పాఠ్యపుస్తకాల్లో కర్మణి ప్రయోగం అంటే వాజ్ స్టోలెన్, వాజ్ ప్రమోటెడ్ ఒక్కటే నేర్పుతారు. మాటల్లో జనం గాట్ కూడా అంతే ధారాళంగా వాడతారు.

ఐదో అడుగు: టు పక్కన క్రియ ఉంటే

"ఐ గాట్ టు మీట్ హర్" అంటే ఆమెను కలిసే అవకాశం దక్కింది. "మనకెప్పుడూ పెద్ద గదిలో పడుకునే భాగ్యం లేదు" అని పిల్లలు గొణిగితే "వి నెవర్ గెట్ టు స్లీప్ ఇన్ ద బిగ్ రూమ్". "ఐ హావ్ గాట్ టు గో" అంటే మాత్రం వెళ్లి తీరాలి. అదే పలుకుబడిలో "గాటా గో" అవుతుంది. హావ్ ఉందా లేదా వినడమే తేడా, అది చాలాసార్లు నోట్లోనే మింగేస్తారు కాబట్టి సందర్భం మీద ఆధారపడక తప్పదు.

అమెరికా యాస వింటున్నప్పుడు ఇంకొకటి. అ, ఇ లాంటి రెండు అచ్చుల మధ్య ట మెత్తబడి డ లాగా వినిపిస్తుంది. "గెట్ ఇట్" గెడిట్ అవుతుంది, "గెట్ అవుట్" గెడౌట్ అవుతుంది. కాల్‌లో ఏదో కొత్త మాట అన్నారని కంగారు పడకండి.

ఆరో అడుగు: ఎక్కడం, దిగడం, ఇంకొన్ని చిన్న మాటలు

హైదరాబాద్ సిటీ బస్సులో "ఐ విల్ గెట్ డౌన్ ఎట్ అమీర్‌పేట్" అంటే అందరికీ అర్థమవుతుంది. మన దేశంలో అది తప్పని నేను అనను. అందరూ అనే మాట. దేశం దాటితే గెట్ డౌన్ అంటే కిందికి వంగు, చెట్టు మీంచి దిగు అనే వినిపిస్తుంది. బస్సు దిగడానికి గెట్ ఆఫ్ అనాలి. ఏ వాహనానికి ఏది అన్నదానికి చిన్న గుర్తు ఉంది. లోపల నిలబడి నడవగలిగిన వాహనమైతే ఎక్కడం గెట్ ఆన్, దిగడం గెట్ ఆఫ్: బస్సు, రైలు, విమానం, ఓడ. ఒళ్లు వంచుకుని కూర్చోవలసిన వాహనమైతే గెట్ ఇన్, గెట్ అవుట్ ఆఫ్: కారు, ఆటో, టాక్సీ. కాళ్లు చెరో వైపు వేసి కూర్చునే సైకిలు, బైకు, గుర్రం మళ్లీ ఆన్, ఆఫ్‌లోకే వస్తాయి. "గెట్ ఆఫ్ ఫ్రమ్ ద బస్" అని ఫ్రమ్ తగిలించకండి, "గెట్ ఆఫ్ ద బస్" చాలు.

పొద్దున లేవడం గెట్ అప్, మెలకువ రావడం వేక్ అప్. ఐదింటికే మెలకువ వచ్చినా ఏడింటిదాకా దుప్పటి వదలని మనిషి "ఐ వోక్ అప్ ఎట్ ఫైవ్ బట్ గాట్ అప్ ఎట్ సెవెన్" అని నిజాయితీగా చెప్పుకోవచ్చు.

మిగతా చిన్న మాటల జంటలను తెలుగు మాటకు కట్టి గుర్తుపెట్టుకోండి. వాళ్లిద్దరికీ పడదు అంటే "దే డోంట్ గెట్ అలాంగ్". ఎలాగో నెట్టుకొస్తున్నాం అంటే "వి ఆర్ గెట్టింగ్ బై". తప్పు చేసి ఏ శిక్షా లేకుండా తప్పించుకున్నాడు అంటే "హి గాట్ అవే విత్ ఇట్". పాత సోఫా వదిలించుకున్నాం అంటే "వి గాట్ రిడ్ ఆఫ్ ద ఓల్డ్ సోఫా". ఫోన్ లైన్ కలవలేదు అంటే "ఐ కుడ్ నాట్ గెట్ త్రూ". తీరిక చిక్కలేదు అంటే "ఐ నెవర్ గాట్ అరౌండ్ టు ఇట్". జ్వరం నుంచో, దుఃఖం నుంచో తేరుకోవడం గెట్ ఓవర్. ఇవన్నీ ఒకేసారి నేర్చుకోనక్కర్లేదు. మీ నోటివెంట ఏ తెలుగు మాట ఎక్కువగా వస్తుందో దాని జంటతో మొదలుపెట్టండి.

ఆఫీసువాళ్లకు ఒక్కటి తప్పనిసరి. "కనుక్కుని మళ్లీ చెప్తాను" అన్నది "ఐ విల్ గెట్ బ్యాక్ టు యు బై ఫ్రైడే". మన ఆఫీసుల్లో దీనికి రివర్ట్ అనే మాట పాతుకుపోయింది. బ్రిటన్, అమెరికా లాంటి చోట్ల రివర్ట్ అంటే పాత స్థితికి వెనక్కి వెళ్లడం. "ప్లీజ్ రివర్ట్" అని మెయిల్ పెడితే అవతలివాడు చేసిన మార్పులన్నీ తీసేసి కూర్చునే ప్రమాదం కూడా లేకపోలేదు. రిప్లై అనండి, గెట్ బ్యాక్ అనండి.

ఏడో అడుగు: అర్థమైందా?

"గాట్ ఇట్" అంటే అర్థమైంది. "ఐ డోంట్ గెట్ ఇట్" అంటే బోధపడలేదు. ఇక్కడ మన క్లాసురూముల నుంచి పుట్టిన "ఆర్ యు గెట్టింగ్ మి" అనే మాటను వదిలేయడం మంచిది. పాఠం చెప్పేటప్పుడు పదేపదే అలవాటుగా వచ్చేస్తుంది కానీ, బయటివాళ్లకు వింతగా ఉంటుంది. "డజ్ దట్ మేక్ సెన్స్" అంటే మర్యాదగానూ ఉంటుంది. అర్థం కాకపోవడం వాళ్ల లోపమన్నట్టు ఉండదు. ఫోన్‌లో మాట సరిగా వినపడకపోతే "ఐ యామ్ నాట్ గెట్టింగ్ యు" బదులు "సారీ, ఐ డిడ్ నాట్ గెట్ దట్". అపార్థం చేసుకోవద్దని చెప్పాలంటే "డోంట్ గెట్ మి రాంగ్".

ఎక్కడ వాడకూడదు

గెట్ ఎంత పనిమంతురాలైనా పట్టుచీర కట్టుకునే రకం కాదు. ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష) వ్యాసంలో, కోర్టు కాగితంలో, ఉద్యోగానికి పెట్టే దరఖాస్తులో దాన్ని తగ్గించండి. అక్కడ అందుకోవడానికి రిసీవ్, సంపాదించడానికి ఆబ్టైన్, అవ్వడానికి బికమ్, చేరడానికి అరైవ్, "గాట్ స్టోలెన్" బదులు "వాజ్ స్టోలెన్". పోలీసు స్టేషన్‌లో ఇచ్చే ఫిర్యాదులో ఫోన్ వాజ్ స్టోలెన్, అదే సంగతి స్నేహితుడికి చెప్పేటప్పుడు గాట్ స్టోలెన్. మనవాళ్లలో నేను చూసే తప్పు మాత్రం ఎక్కువగా దీనికి తిరగబడి ఉంటుంది. రాతలో గెట్ ఎక్కువై కాదు, మాటలో రిసీవ్, ఆబ్టైన్ ఎక్కువై ఇబ్బంది. మేనేజర్‌కు వాట్సాప్‌లో "డిడ్ యు గెట్ మై మెయిల్" అనడంలో ఏ అమర్యాదా లేదు.

ఇప్పుడు నోటికి పని చెప్పండి

కింది వాక్యాలు పైకి చదివి, ముందు మీరే ఇంగ్లీషులో అనండి. తర్వాత జవాబు చూడండి.

నాకు వీసా వచ్చింది. ఇల్లు చేరేసరికి చీకటి పడింది. టీవీ బాగుచేయించారా? ఇక్కడే బస్సు దిగండి. మా అత్తగారికీ నాకూ బాగానే పడుతుంది. పోయిన ఉంగరం దొరికింది. అమ్మకు చెవి పరీక్ష చేయించాలి కానీ, ఆవిడ్ని ఒప్పించడం నా వల్ల కావడం లేదు.

మొదటిది "ఐ గాట్ మై వీసా", ఇందులో ఇబ్బందేమీ లేదు. రెండోదానిలో గెట్ రెండుసార్లు రావచ్చు: "బై ద టైమ్ ఐ గాట్ హోమ్, ఇట్ హాడ్ గాటెన్ డార్క్". బ్రిటన్ పద్ధతిలో హాడ్ గాట్ డార్క్. టీవీకి "డిడ్ యు గెట్ ద టీవీ రిపేర్డ్". బస్సుకు "గెట్ ఆఫ్ ద బస్ హియర్". అత్తగారి వాక్యం "మై మదర్-ఇన్-లా అండ్ ఐ గెట్ అలాంగ్ వెల్", బ్రిటన్‌లో అలాంగ్ బదులు ఆన్ ఎక్కువగా వింటారు. ఉంగరం దగ్గర గెట్ అన్నవాళ్లు మొదటి అడుగు ఇంకోసారి చూడండి, అది ఫౌండ్. చివరిదానిలో చేయించడం, ఒప్పించడం రెండూ ఉన్నాయి. రెంటికీ గెట్టే, అచ్చులు మాత్రం వేరు: "ఐ నీడ్ టు గెట్ మై మదర్స్ హియరింగ్ టెస్టెడ్, బట్ ఐ కాంట్ గెట్ హర్ టు అగ్రీ".